గోరంట్లలో నాలుగు రోజులు

ప్రయాణం అనగానే మనలో చాలామందికి సముద్రతీరమో, కొండ మీది చల్లని ఊరో గుర్తుకు వస్తుంది. గత జూన్ నెలలో మేము వెళ్ళింది అలాంటి చోటికి కాదు. అక్కడ నీడ కోసం వెతుక్కోవాలి, నీళ్ళ కోసం ఇంకా ఎక్కువ వెతుక్కోవాలి. అయినా ఆ నాలుగు రోజుల్లో మాకు దొరికినది మీతో పంచుకోవాలని ఇది వ్రాస్తున్నాము.

హిందూపురంలో కదిరి బస్సు ఎక్కాము. ఊరు దాటగానే ఎర్రనేల మొదలయింది. దారికి రెండు వైపులా ఎవరో కుప్ప పోసినట్టు గుండ్రాళ్ళ గుట్టలు, వాటి మధ్య సీతాఫలపు పొదలు, రోడ్డు పక్కన కానుగ, చింత చెట్లు. దారిలో కనిపించిన చెరువులో నీళ్ళు లేవు. అడుగున ఎండిన మట్టి పెచ్చులు లేచి ఉంది. అందులో గొర్రెల మంద ఒకటి మేస్తోంది. ఏమి మేస్తున్నదో మాకు కనబడలేదు.

గోరంట్ల పాత ఊరు. విజయనగర రాజుల కాలం నాటి మాధవరాయస్వామి ఆలయం అక్కడ ఉంది. రాతి స్తంభాల పనితనం చూడడానికి ఇప్పటికీ దూరం నుండి మనుషులు వస్తారు. చిత్రావతి నది కర్ణాటకలో నంది కొండల ప్రాంతంలో పుట్టి ఈ సీమ మీదుగా పోయి పెన్నలో కలుస్తుంది. నది అని పేరే గాని సంవత్సరంలో ఎక్కువ రోజులు కనిపించేది ఇసుకే. ఈ ప్రాంతమంతా తరతరాలుగా అనంతపురం జిల్లా. 2022 ఏప్రిల్‌లో పుట్టపర్తి కేంద్రంగా ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలోకి గోరంట్ల చేరింది. జిల్లా పేరు మారింది గాని ఆకాశం మారలేదు. అనంతపురం సీమలో సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. నైరుతి మేఘాలను పడమటి కనుమలు అడ్డుకుంటాయి. తూర్పు తీరం నుండి వచ్చే మేఘాలు ఇంత దూరం వచ్చేసరికి బరువు దించుకొని వస్తాయి. రెండు వానలకూ మధ్య మిగిలిపోయిన నేల ఇది.

ఆ ఊరికి దగ్గరలో ఒక పల్లెలో మా అక్క, బావ ఉంటారు. వాళ్ళకు నాలుగెకరాల మెట్టపొలం. మేము ఇద్దరమూ ఉద్యోగాల పేరుతో గుంటూరు వైపు వెళ్ళి స్థిరపడినవాళ్ళం. ఊళ్ళో మమ్మల్ని చదువుకున్నవాళ్ళు అంటారు. ఆ మాట వల్ల జరిగిన నష్టం కూడా దాచకుండా చెబుతాము.

మేము వెళ్ళిన రాత్రి అక్క రాగి సంగటి, ఊరుబిండి పెట్టింది. భోజనాలయ్యాక బావ మంచం మీద కూర్చొని మెల్లగా విషయం ఎత్తాడు.

"ఇంకొక బోరు ఏద్దామనుకుంటాండా. నీళ్ళు పడితే రెండెకరాలు మల్బరీ పెడతా. మన పక్క చేనోళ్ళు పెట్టినారు, బాగుండాది. ఊళ్ళో అందర్నీ అడిగినా, ఎయ్యమంటాండారు. బెంగుళూరులో పిల్లోడు కూడా సరే అన్నాడు. మీరు సదువుకున్నోళ్ళు, మీరు కూడా సరే అంటే రేపే మాట్లాడతా."

అక్క ఏమీ అనలేదు. గిన్నెలు తీసుకొని లోపలికి వెళ్ళింది. మాకు మాత్రం గుండెలో రాయి పడినట్టయింది. ఎందుకంటే ఈ ప్రశ్న మేము విన్నది మొదటిసారి కాదు.

చాలా ఏళ్ళ క్రితం బావ ఇలాగే ఫోన్ చేసి అడిగాడు. అప్పటికి ఆ పొలంలో రెండు బోర్లు ఉన్నాయి. మొదటిది మూడేళ్ళు నీళ్ళిచ్చి ఎండిపోయింది. రెండవదానిలో దుమ్ము తప్ప ఏమీ రాలేదు. మూడవది వెయ్యమంటారా అని అడిగితే, మేము వంట చేస్తూనో, పేపరు చూస్తూనో, "అందరూ వేస్తున్నారు కదా, వెయ్యండి" అన్నాము. అర నిమిషం మాట. ఆ మాట మీద అప్పు తెచ్చారు. కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకొని చేనంతా తిరిగే ఒకాయన చోటు చూపించాడు. కాయ నిలబడింది గాని నీరు పడలేదు. ఆ అప్పు తీరడానికి అక్క మెడలో గొలుసు, ఇంటి ముందు కట్టేసిన ఎద్దుల జత పోయాయి. సరే అన్న మేము ఒక్క రూపాయి కూడా ఇవ్వలేదు. ఇవ్వమని వాళ్ళు అడగలేదు కూడా. సలహా చెప్పిన ఊరివాళ్ళూ ఇవ్వలేదు. నలుగురూ ఇచ్చేది మాట, అప్పు కట్టేది ఒక్క ఇల్లు.

ఆ రాత్రి బావకు మేము జవాబు చెప్పలేదు. "రెండు రోజులు ఆగండి బావా, ముందు పొలం చూస్తాము" అన్నాము.

మరునాడు తెల్లవారుజామున అక్క వెంట చేనికి వెళ్ళాము. అక్క చెప్పులు గట్టు మీద విడిచి నడిచింది. ఎందుకని అడిగాము. "కాళ్ళకు తెలుస్తాది" అంది. నడుస్తూ చెప్పుకుంటూ పోయింది. తూర్పు చెక్కలో వాన పడితే తేమ నాలుగు దినాలు నిలుస్తుందట. పడమటి చెక్కలో గరుసు ఎక్కువ, రెండు దినాలకే ఆరిపోతుందట. గుట్ట కింది మూలలో పెద్ద వానకు మట్టి కొట్టుకొచ్చి చేరుతుంది, అక్కడ కంది బాగా వస్తుంది. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆమె ఈ నాలుగెకరాలనూ మనం బైబిలు పుటలు తిప్పినట్టు తిప్పి చూసింది. ఇంత తెలిసిన మనిషిని బోరు విషయం ఎవరూ అడగలేదు. మేము కూడా అడగలేదు.

ఈ సీమలో పంటల కథ కూడా ఇలాంటిదే. ఒకప్పుడు మెట్టచేలలో కొర్ర, సజ్జ, జొన్న, రాగి, కంది, అనుములు, అలసందలు, ఆముదం కలిపి వేసేవారు. వాన ఒకదాన్ని ముంచితే ఇంకొకటి నిలిచేది. తర్వాత వేరుశనగ వచ్చింది. ఇక్కడి మాటలో చెనక్కాయ. నూనె గింజకు ధర ఉంది, బ్యాంకులో పంట రుణం ఉంది, సర్కారు రాయితీ విత్తనం ఉంది, తర్వాత పంట బీమా కూడా వచ్చింది. ఆశపడడంలో తప్పు లేదు, చాలా ఇళ్ళలో పిల్లల చదువులు ఆ కాయ మీదనే సాగాయి. కాని కొన్నాళ్ళకు అది లెక్క చూసుకొని వేసే పంటగా కాక, అందరూ వేస్తున్నారు గనుక వేసే పంటగా మారింది. అనంతపురం దేశంలోనే వేరుశనగకు పేరు మోసిన జిల్లా అయింది. కాని ఆ పైరుకు ఊడలు దిగే సమయంలో తడి కావాలి. సరిగ్గా అప్పుడే, ఆగస్టులో, ఇక్కడ వాన ముఖం చాటేయడం మామూలు.

2000 సంవత్సరంలో అనంతపురం జిల్లాను కాండం కుళ్ళు వైరస్ తెగులు పట్టింది. సుమారు 2,25,000 హెక్టార్లలో చెనక్కాయ పైరు దెబ్బతిన్నది. నష్టం 300 కోట్ల రూపాయలకు పైగా ఉంటుందని అప్పుడు లెక్క వేశారు. శాస్త్రవేత్తలు కారణం వెతికారు. గట్ల మీద, బీళ్ళలో పెరిగే వయ్యారిభామ కలుపు మొక్క పైకి ఏ జబ్బూ కనబడకుండానే ఆ వైరస్‌ను దాచుకొంటుంది. దాని పుప్పొడి గాలికి, తామర పురుగుల వెంట పైరు మీదికి చేరుతుంది. ఆ పురుగు ఆకును గీరినప్పుడు వైరస్ లోపలికి పోతుంది. దీనికి వాళ్ళు చెప్పిన జాగ్రత్తల్లో ఒకటి, చేను చుట్టూ నాలుగు సాళ్ళు జొన్నో సజ్జో దట్టంగా వేయడం. గాలిలో వచ్చే పురుగును ఆ ఎత్తైన పైరు అడ్డుకుంటుంది.

ఈ సంగతి చేనులో నిలబడి మాట్లాడుకుంటుంటే అక్క నవ్వింది.

"మా అత్త బతికిన్నాళ్ళూ చేను చుట్టూ జొన్న ఏసేది. నేను కాపరానికొచ్చిన కొత్తలో ఊళ్ళో ఎగతాళి చేసేటోళ్ళు, ఆ జాగాలో కూడా చెనక్కాయ ఏస్తే ఇంకో మూట వస్తాది గదా అని. ఆయమ్మ పోయినాక మీ బావ తీసేసె. నాకు మనసొప్పలా. అయినా నలుగురూ నవ్వుతారని నేనూ ఊరకుంటి."

ఆ అత్తగారికి వైరస్ అంటే ఏమిటో తెలియదు. తామర పురుగు పేరు విని ఉండదు. గాలి ఏ వైపు నుండి వస్తుందో, ఏ అంచు ముందు పాడవుతుందో మాత్రం ఏళ్ళ తరబడి చూసింది. మనం మనసుకు తోచింది అని తేలికగా తీసిపారేసే మాట వెనుక ఒక్కోసారి అంత చూపు ఉంటుంది.

మూడవ రోజు బావ మమ్మల్ని చెన్నేకొత్తపల్లి వైపు తీసుకెళ్ళాడు. అక్కడ ఆయన స్నేహితుడిని చూడాలి. పాలసముద్రం దగ్గర బెంగుళూరు – హైదరాబాదు పెద్ద రోడ్డు ఎక్కాము. అక్కడే 2024 జనవరిలో ప్రారంభమైన కస్టమ్స్ అధికారుల శిక్షణ సంస్థ పెద్ద భవనాలు కనిపించాయి. పెనుకొండ దగ్గర 2019 నుండి కార్లు తయారు చేస్తున్న కియా కర్మాగారం ఉంది. ఇరవై ఏళ్ళ క్రితం ఇక్కడ ఇవి వస్తాయని ఎవరైనా చెబితే నమ్మేవాళ్ళం కాదు.

చెన్నేకొత్తపల్లి దగ్గర ఒక చోటును చూపించమని మేమే అడిగాము. 1990లో బబ్లూ గంగూలీ, మేరీ వట్టమట్టం అనే దంపతులు తమ స్నేహితులతో కలిసి అక్కడ 32 ఎకరాల బీడు కొని, దానికి టింబక్టు అని పేరు పెట్టారు. అప్పటికి అది గడ్డి కూడా సరిగా మొలవని నేల. ఈ కరవు సీమలో డబ్బు పెట్టి బీడు కొంటామంటే మెచ్చుకొనే మనిషి ఎక్కడ దొరుకుతాడు? వాళ్ళు చేసినదానిలో మొదటిది, ఆ నేలను మంటల నుండి, విచ్చలవిడి మేత నుండి కాపాడడం. చిన్న చిన్న కట్టలు వేసి పారే నీటిని నిలిపారు. నేలలో నిద్రపోతున్న వేళ్ళు, గింజలు వాటంతట అవే లేచాయి. తర్వాత చుట్టుపక్కల పల్లెల ప్రజలతో కలిసి వేల ఎకరాల కొండ బీళ్ళను ఇదే విధంగా కాపాడారు. ఆ అడవికి కల్పవల్లి అని పేరు. 2008 నుండి ధరణి అనే రైతుల సహకార సంఘం ద్వారా చిరుధాన్యాలు, చెనక్కాయలు కొని అమ్మే ఏర్పాటు కూడా నడిచింది. మేము చూసిన కొండ మీద గడ్డి మోకాలెత్తు ఉంది, చెట్ల కింద నీడ ఉంది. రోడ్డుకు ఇవతలి గుట్ట మాత్రం బోడిగా ఉంది. రెండింటి మీదా పడేది ఒకటే వాన.

వాళ్ళను ప్రభావితం చేసినవారిలో జపాను దేశపు రైతు మసనోబు ఫుకువోకా ఒకరు. ఆయన కథలో ఒక భాగం మనం తప్పక తెలుసుకోవాలి. పాతికేళ్ళ వయసులో ఆయన యొకొహామా ఓడరేవులో మొక్కల తెగుళ్ళను పరీక్షించే ఉద్యోగం వదిలేశాడు. ప్రకృతిని దాని దారిన వదిలితే చాలని మనసుకు తోచి, తండ్రిగారి నారింజ తోటలో కొమ్మలు కత్తిరించడం మానేశాడు. వందల చెట్లు చచ్చిపోయాయి. ఎన్నో ఏళ్ళు కత్తిరింపుకు అలవాటైన చెట్టును ఒక్కసారిగా వదిలేయడం ప్రకృతి సేద్యం కాదు, నిర్లక్ష్యం అని ఆయనే తర్వాత ఒప్పుకున్నాడు. తన ఆలోచనను మాత్రం వదలలేదు. పొలంలో దశాబ్దాల పాటు పరీక్షించి దిద్దుకున్నాడు. 1975లో ఆయన వ్రాసిన గడ్డిపరక విప్లవం పుస్తకం లోకమంతా చదివింది. 1988లో ఆయనకు మెగసెసే పురస్కారం వచ్చింది.

కాబట్టి మనసుకు తోచినదల్లా సత్యం కాదు. తోచిన మాటను నేల మీద పెట్టి చూడాలి, తప్పు తేలితే దిద్దుకోవాలి. అయితే ఆ పరీక్ష పెట్టేది నేల, ఊరి నవ్వు కాదు.

ఆ సాయంత్రం కుటుంబ ప్రార్థనలో బావ మమ్మల్ని సూటిగా అడిగాడు. స్వబుద్ధిని ఆధారం చేసుకోవద్దని సామెతల గ్రంథం చెబుతున్నది కదా, మరి నా బుద్ధిని నేను నమ్మేదెట్లా అని. మంచి ప్రశ్న. మన సంఘాలలో చాలామంది మనసులో ఉన్న ప్రశ్నే. మాకు తోచిన జవాబు ఇది. ఆ వాక్యం దేవుని మీద ఆనుకోమంటున్నది, పొరుగువాని మెప్పు మీద ఆనుకోమనలేదు. ఆలోచన చెప్పేవారు ఉండడం మేలని అదే గ్రంథం అంటుంది, నిజమే. కాని ఆలోచన అడగడం వేరు, ఆమోదం అడగడం వేరు. ఆలోచన అడిగేవాడు తెలిసినవాని దగ్గరికి వెళ్ళి, కాదన్నా వింటాడు. ఆమోదం అడిగేవాడు అందరి దగ్గరికీ వెళ్తాడు, సరే అన్న మాట దొరికేదాకా తిరుగుతాడు. ఆమోదం దొరికితే, రేపు నష్టం వచ్చినా తప్పు నా ఒక్కడిది కాదని చెప్పుకోవచ్చు. మనం వెతికేది చాలాసార్లు ఆ చాటు కోసమే.

దావీదు సంగతి గుర్తు చేసుకున్నాము. గొల్యాతు ముందుకు పోయే రోజున రాజైన సౌలు తన కవచం, శిరస్త్రాణం తొడిగించాడు. సైన్యమంతా మెచ్చే వేషం అది. దావీదు నాలుగడుగులు వేసి చూసి, ఇవి నాకు అలవాటు లేదని తీసి పక్కన పెట్టాడు. గొర్రెల దగ్గర తన చేతికి అలవాటైన వడిసెలనే నమ్ముకున్నాడు. అన్న కోపగించుకున్నాడు, అయినా ఆగలేదు. అది గర్వం కాదు. సింహం నోటి నుండి తనను తప్పించిన దేవుణ్ణి ఆయన పొలంలోనే, ఒంటరిగా ఎరిగి ఉన్నాడు. మన అనుభవంలో దేవుడు మనకు చూపించినదాన్ని పక్కన పెట్టి, ఇతరుల కవచం తొడుక్కొని నడవలేక పడిపోవడం వినయం కాదు.

అప్పుడు మేము బావతో మా తప్పు ఒప్పుకున్నాము. "మూడవ బోరు వెయ్యమని మేము చెప్పకూడదు బావా. మాకు తెలియని సంగతికి సరే అన్నాము. ఈసారి వెయ్యమనీ అనము, వద్దనీ అనము. భూగర్భ జలం తెలిసినవాళ్ళను పిలిచి చూపించండి. అంతకుముందు అక్కను అడగండి."

బావ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత గుమ్మం వైపు తిరిగి, "నువ్వేమంటావు?" అన్నాడు. ముప్పై ఏళ్ళలో ఆ మాట అడగడం అదే మొదటిసారేమో మాకు తెలియదు. అక్క కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది.

"మన చేను కింద రాయి ఉండాది. మూడు చోట్ల చూస్తిమి. ఇంకొక అప్పు నేను మొయ్యలేను. తూర్పు చెక్కలో చెనక్కాయ ఏద్దాం, నడుమ కందిసాళ్ళు పెడదాం. పడమట కొర్ర ఏద్దాం, తొంభై దినాలకు ఇంటికొస్తాది. చుట్టూ జొన్న. వాన ఎనకబడితే ఉలవలు చల్లుదాం. మీరు తప్పుగా అనుకోవాకండి, నాకు తెలిసింది ఇంతే."

నాకు తెలిసింది ఇంతే అన్న ఆ మాటలో నాలుగెకరాలకూ సరిపడే ప్రణాళిక ఉంది.

నాలుగవ రోజు మేము బయలుదేరేటప్పుడు అరుగు మీద కూర్చున్న పెద్దమనుషులు ఇద్దరు బావను పలకరించారు. మల్బరీ వదిలి కొర్ర వేస్తాడట అని ఒకరితో ఒకరు చెప్పుకొని నవ్వారు. బావ ముఖం చిన్నబోయింది. అయినా అడుగు ఆపలేదు. కొర్ర పేదవాడి తిండి అన్న చిన్నచూపు ఈ సీమలో ఇంకా పోలేదు. 2023ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. పట్టణాల్లో చక్కెర జబ్బు ఉన్నవాళ్ళు ఆ కొర్రలనే ఎక్కువ ధర ఇచ్చి కొంటున్నారు. మెప్పు అలాంటిది. రావలసినప్పుడు రాదు, అవసరం తీరాక వస్తుంది. దానికోసం ఆగినవాని విత్తనం గాదెలోనే ఉండిపోతుంది.

ఆ తర్వాత జరిగినది కూడా ఉన్నది ఉన్నట్టు చెబుతాము. జూలైలో ఒక పదునైన వాన పడింది, విత్తారు. ఆగస్టు నెల దాదాపు ఎండ. తూర్పు చెక్కలో చెనక్కాయ సగమే చేతికొచ్చింది. కొర్ర మాత్రం తట్టుకొని నిలిచింది. కంది ఒక మోస్తరుగా కాసింది. డబ్బు పెద్దగా మిగలలేదు. కాని సంక్రాంతి నాటికి ఇంటి గుమ్మంలో అప్పులవాడు నిలబడలేదు. ఎన్నో ఏళ్ళ తర్వాత అలాంటి పండుగ వచ్చిందని అక్క ఫోన్‌లో చెప్పింది. పక్క చేనువాళ్ళ మల్బరీ కూడా బాగానే ఉందట. వాళ్ళ నేలలో నీళ్ళున్నాయి. వాళ్ళది వాళ్ళకు సరిపోయింది, వీళ్ళది వీళ్ళకు సరిపోయింది.

చదువుతున్న సహోదరీ సహోదరులారా, మీ ఇంట్లో కూడా ఈ సంవత్సరం ఏదో ఒక నిర్ణయం మీ కోసం కాచుకొని ఉంటుంది. పంట కావచ్చు, పిల్ల చదువు కావచ్చు, పెళ్ళి సంబంధం కావచ్చు. ఊరంతా తిరిగి అడిగే ముందు మోకాళ్ళూని దేవుణ్ణి అడగండి. తర్వాత చెప్పులు విడిచి మీ నేల మీద నడిచి చూడండి. మీ ఇంట్లో ఇంతవరకు ఎవరూ అడగని మనిషి ఒకరుంటారు, వారిని కూడా అడగండి.

మా సంగతి చెప్పాలంటే, ఇప్పుడు ఎవరైనా ఫోన్ చేసి ఏం చెయ్యమంటారని అడిగితే, మేము వెంటనే సరే అనడం మానుకున్నాము. "మీరు ఏం చూశారు, మీకు ఏమనిపిస్తున్నది?" అని ముందు అడుగుతున్నాము.